మెంతులు విసరిన కాఫీ మర

వైశాఖ మాసాంతమున ప్రచండ మార్తాండ కిరణములకు బొగిలి సముద్రపు గాలికై యెదురుచూచుచు నుస్సురనుచున్న విశాఖపట్టణమున ఆ యపరాహ్ణవేళ నే వీథి ద్రొక్కినను ఆవకాయ వాసనయే యెదురు వచ్చుచుండెను. మేడలపై పఱచిన తెల్లని వస్త్రములమీద ఆవాలెండుచుండెను. వాకిళ్లలో కత్తిపీటల క్రింద టెంకతో సహా పగులుచున్న మామిడికాయల పులుపు దారిపోవువారి నోళ్లలో నీళ్లూరించుచుండెను. అపుడే దంచిన మిరపకాయల ఘాటును అపుడే మూత తీసిన నువ్వులనూనె కమ్మదనమును దోరగా వేచిన మెంతుల పరిమళమును ఒక యింటి వంటశాలనుండి వెడలి పొరుగింటి పడకగది వఱకు పిలువని పేరంటమునకు బోవుచుండెను. ముక్కున్న ప్రాణి యెద్దియు నాడు తుమ్మకయైనను మెచ్చకయైనను ఉండజాలదు. అట్టి పట్టణమున నా వాసనలన్నిటి నడుమ నడచిపోవుచు వానిలో నొక్కటియు నెఱుగని స్త్రీ యొకతె యుండెను. ఆమె పేరు వాగ్దేవి. ఆమె ముక్కే యామెకు జీవనాధారము.

మన్యపు కొండలమీద పండి సంచులలో దిగివచ్చు కాఫీగింజల మంచిచెడ్డలు నిర్ణయించు నొక వర్తక సంఘమున నామె ప్రధాన పరీక్షకురాలు. పొడవైన బల్లమీద వరుసగా తెల్లని గిన్నెలుంచి వానిలో పొడి వేసి క్రాగిన నీరు పోసి ఆవిరి లేచు వేళ నామె యొక్కొక్క గిన్నెపై వంగి వాసన చూచి చెంచాతో చప్పుడగునట్లు పీల్చి యుమిసి ముందునకు సాగును. గింజ లెవరివో గిన్నెలపై వ్రాసియుండదు. సరుకు మంచిదైన చెంచాను గిన్నె ప్రక్క వెల్లకిల నుంచును. చెడ్డదైన బోర్లించును. ఆమె చెంచా బోర్లించిన పిమ్మట నా గదిలో నెవ్వరును నోరు మెదపరాదనుట ఆ సంఘమున తొలినాటినుండి వచ్చిన వాడుక. చెంచా యొక్కటి బోర్లపడిన చాలును కొండమీది యొక కుటుంబము ఏడాది పొడవున పడిన పాటు తఱుగు సరుకై చౌకగా బోవును. ఇంతటి యధికారము జిల్లాధికారికైన లేదని సంఘమువారు పరిహాసమాడుచుందురు. ఆ మాటకు వాగ్దేవి పూర్వము నవ్వెడిది.

మాఘమాసమున నామెకు జ్వరము వచ్చెను. జ్వరము పోవునపుడు వాసన నెల్ల మూటగట్టుకొని తన వెంట దీసికొనిపోయెను. చేదును పులుపును తీపియు నాలుక యెఱుగుచుండెను గాని కాఫీని కాఫీగా జేయు నా సహస్రవిధ సూక్ష్మ పరిమళములలో నొక్కటియు మిగులలేదు. వైద్యుడు వేచియుండుడనెను. ఆమె వేచియుండెను. ఈ సంగతి సంఘమువారితో జెప్పలేదు సరికదా కట్టుకొన్న భర్తతోనైన జెప్పలేదు. బల్లయొద్ద గింజల రంగు చూచియు నురుగు తీరు చూచియు తన కెదురుగా నిలుచు సువర్చల యను చిన్న పరీక్షకురాలి కనుబొమల కదలిక చూచియు నిర్ణయములు చెప్పుచు వచ్చెను. ఆ పిల్ల కనుబొమలు ముడిపడిన చెంచా బోర్లించుటయు విప్పారిన వెల్లకిల నుంచుటయు నామెకు నిత్యవిద్య యయ్యెను. ఇంతవఱకు నొక్క తప్పును బయటపడలేదు. బయటపడకపోవుటయే యామె దురదృష్టమని నే ననుచున్నాను. చదువరు లేమందురో యెఱుగను.

ఇట్లుండ నామె కొక యాశ పుట్టెను. ఎస్ప్రెస్సో యను కాఫీ గొప్ప యొత్తిడితో పిండబడుటచే దాని సారమును వాసనయు మిగిలిన యే కాఫీకిని లేనంత చిక్కగా నుండును గదా. అట్టి యంత్రమొకటి యింట నుంచుకొని యుదయమున నెవరును జూడనిచోట దాని యావిరిలో ముఖముంచిన నిద్రించు ముక్కు మేల్కొనునేమో యని తలపోసెను. భర్తతో మాత్రము ఇంట మంచి కాఫీ త్రాగుద మనెను.

భర్త కూర్మారావు రేవు కార్యాలయమున నోడల రాకపోకలు చూచు నుద్యోగి. సాధువు. ఇత్తడి ఫిల్టరునకు పరమభక్తుడు.

"ఏటే, మన ఫిల్టరేం పాపం చేసిందని?" అని నవ్వెను. భార్య నవ్వకుండుట చూచి వెంటనే చెప్పులు తొడిగికొనెను.

కాఫీ యంత్రములును మరలును అమ్ము దుకాణ మా పట్టణమున త్రినాథరావుది పేరు మోసినది. అతడు యంత్రముల వర్తకుడే కాక కాఫీగింజల వర్తకుడు కూడ. ముందు దుకాణము వెనుక నిల్లు. ఉతికిన మల్లెపువ్వువంటి బట్టలును మెత్తని మాటయును గలవాడు. బేరమాడు వేళ సరుకును గాక కొనువారి ముఖమును జూచుట యతని యలవాటు. ప్రధాన పరీక్షకురాలు తన గడప ద్రొక్కినదని యతడు చేతులు జోడించి యెదురేగి తానే కుర్చీ తుడిచి వేసెను.

కూర్మారావు కన్ను లోనికి రాగానే రెండు బాయిలర్లతో అద్దమువలె మెఱయుచు గోడవార గూర్చున్న పెద్ద యంత్రముపై బడెను. పనివాండ్ర కట్టి యంత్రమే కంటికింపు. వాగ్దేవి యతని భుజము తట్టి యిటు త్రిప్పి యంత్రమును గాదు ముందు మరను వెదకవలయునని బోధించెను. పొడి యొకచోట బరకగాను ఒకచోట పిండిగాను పడెనేని ఒత్తిడితో దిగు నీరు తనకు సులభమైన సందు జూచుకొని పరుగెత్తును. అందుచే నొకవైపు మాడిన చేదును ఒకవైపు పచ్చి పులుపును ఒకే గిన్నెలో జేరును. ఎంత వెలగల యంత్రమైనను దాని నేమియు జేయజాలదు. కావున యంత్రము నడితరముదైనను మర మేలైనది కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా మర గొంతులో మునుపటి పొడి నిలిచిపోరాదు. నిలిచినచో నేడు విసరిన దానితో నిన్నటిది కలిసి రుచి చెడునని యామె వేలితో జూపుచు జెప్పుచుండ నామె కంఠమున పూర్వపు ధీమా పలికెను. భర్త మురిసిపోవుచు వినుచుండెను. ఆ క్షణమున నామెయు దనకు ముక్కు లేదన్న మాట మఱచెను.

"అమ్మగారు చెప్పేక ఇంకేటుంది. రెండు మరలు పెడతాను. తమరి నాలికే తీర్పు," అని త్రినాథరావు ఒకే డబ్బాలోని గింజలు రెండు మరలలో బోసెను.

మొదటి మర కఱకఱలాడుచు విసరెను. పిడిగల గిన్నెలో పొడి నదిమి నడితరపు యంత్రమునకు దగిలించి మీట నొక్కగా కాఫీ త్వరత్వరగా నీళ్లవలె గాఱెను. వాగ్దేవి చప్పరించి తల యడ్డముగా నూపెను. ఇందులకు కన్నులే చాలును. రెండవ మర మంద్రస్వనముతో నేకరీతిగా విసరెను. కాఫీ సన్నని దారమై మెల్లగా దిగి మీద తేనెరంగు నురుగు కట్టెను. ఆ నురుగు కొంచెము ముదురురంగున నుండుట యామె మెచ్చుకొనెను. ఆమె వాడుక ప్రకారము కన్నులు మూసి గ్రుక్క పీల్చి నాలుకపై ద్రిప్పెను. చేదు తగిలెను. కాఫీ చేదుగానుండుట వింత కాదు గదా.

"ఇదేనండీ. ఎంత నిర్మలంగా ఉందో చూడండి. మర గొంతులో పాతది రవ్వంత కూడా లేదు," అని గిన్నె క్రింద బెట్టెను.

అదే ధార పంచి పట్టిన మఱి రెండు గిన్నెలు త్రినాథరావును కూర్మారావును అందుకొని త్రాగిరి. ఇరువురును ఒక్కసారిగా నాగిరి. అంతలో వెనుక నింటిలోనుండి త్రినాథరావు తల్లి గొంతెత్తి కేక వేసెను.

"ఒరే తిరనాదూ! మిక్సీ ఇంకా బాగవలేదురా. పొద్దున్న మెంతులు సగమే ఆడేను. ఆ కాపీ మర కాళీ అయితే చెప్పు, మిగతాయి కూడా ఆడించీసుకుంటాను."

వేచిన మెంతుల పొడి కాఫీ పొడి రంగుననే యుండును. దాని చేదు కాఫీ చేదులో గలిసిపోవును. వాసన మాత్రము కలియదు. ఆవకాయల నెలలో ఆ వాసన తెలియని పసిబిడ్డ యా పట్టణమున లేదు. వాగ్దేవి ముఖమున రక్తము చుక్కలేకుండ దిగిపోయెను. కూర్మారావు భార్య ముఖమును జూచెను. తన చేతిలోని గిన్నెను జూచెను. తరువాత నా మెంతుల కషాయమును అడుగంట త్రాగి మూతి తుడుచుకొనెను.

"చాలా బాగుంది. ఇదే తీసుకుందాం," అనెను.

త్రినాథరావు తన గిన్నె నిమ్మళముగా బల్లపై బెట్టెను. అతని చూపు వాగ్దేవి ముఖముమీదనే నిలిచెను. పొరుగువాని తోటకు తలుపు లేదని మొదటిసారి గమనించినవాని చూపది. "అలాగేనమ్మా. నేనే ఇంటికి పంపిస్తాను," అని చేతులు జోడించెను.

దంపతు లిరువురు నిల్లు చేరిరి. తలుపు మూసిన పిదప కూర్మారావు "ఎప్పట్నుంచీ?" అని మాత్ర మడిగెను.

"మాఘమాసం జ్వరం నుంచీ."

"నాతో కూడా చెప్పలేకపోయేవా?"

"చెప్తే నిజమైపోతుందని భయమేసిందండీ," అని యామె చాపమీద కూలబడి చిన్నపిల్లవలె వెక్కి వెక్కి యేడ్చెను. అతడు ప్రక్కన గూర్చుండి తల నిమిరెను. రేపే సంఘమునకు జెప్పుమని బ్రతిమాలెను. ముక్కు లేని వాగ్దేవి యెవ్వరికి గావలయునని యామె యడిగెను. "నాక్కావాలి," అని యతడు చెప్పెను గాని యా మాట యామె చెవిని దాటి లోనికి బోలేదు. సంఘమున రానున్న పెద్ద పరీక్ష గడచువఱకు వ్యవధి యిమ్మని యామె కోరగా భార్యయేడ్పు చూడలేక యతడు సరే యనెను. మంచివాండ్ర జాలి యొక్కొక్కప్పు డెంత కీడు జేయునో చెప్ప నలవి గాదు.

మఱునాడు బండి వచ్చెను. దిగినది వారు కోరిన నడితరపు యంత్రము గాదు. అద్దమువలె మెఱయు నా రెండు బాయిలర్ల పెద్ద యంత్రమును దానికి తోడుగా దుకాణమున వారికి జూపనైన జూపని యొక మహామరయును దిగెను. వెల యడిగిన బండివాండ్రు తమకు దెలియదనిరి. అయ్యగా రిమ్మన్నారని చెప్పి వంటయింట నిలిపి పోయిరి. గట్టు చాలక ఇత్తడి ఫిల్టరు నటకమీది కెక్కించవలసివచ్చెను. కూర్మారావు దానిని త్రిప్పి పంపుమనెను.

"తిప్పి పంపితే వాడు ఊరంతా చాటుతాడండీ. ఉండనివ్వండి," అని వాగ్దేవి యనెను. యంత్ర ముండెను.

అది మొదలు ప్రతి యుదయము నా యింట మర గుఱ్ఱుమనుటయు ఒత్తిడి చూపు ముల్లు వణకుచు పైకి లేచుటయు ఉక్కు ముక్కునుండి యావిరి బుసకొట్టుటయు జరుగుచుండెను. వాగ్దేవి యా యావిరిలో ముఖముంచి శ్వాస లోనికి దీసికొనును. వేడి తెలియును. చెమ్మ తెలియును. అంతకు మించి యేమియు దెలియదు. యజమానులు తా మైనట్లు పైకి గనుపించుచున్నను ఆ వంటయింట యజమాని యిపుడు మఱియొక డున్నట్లు కూర్మారావునకు దోచుచుండెను. అతడా యంత్రపు కాఫీ ముట్టలేదు.

పరీక్షకు ముందునాడు త్రినాథరావు పిలువకయే వచ్చెను. మర సరిచూచుటకు వచ్చితినని చెప్పి వంటయింట జొరబడి చొక్కా చేతులు మడిచి మరకంఠమున నున్న చక్రమును వ్రేళ్లతో మెల్లగా ద్రిప్పసాగెను.

"కొత్త మర కదమ్మా. మొదట్లో బిగువు చూసుకుంటూ ఉండాలి. కొంచెం బిగిస్తే చాలు, మన దారికి వచ్చీస్తాది," అని తానే కాఫీ తీసి తానే త్రాగి గిన్నె కడిగి బోర్లించి యటుపిమ్మట చెప్పదలచినది చెప్పెను. "రేపు మీ బల్లమీద ఎడమ చివరి గిన్నె నాదమ్మా. గిన్నెలు సర్దేవాడు మనవాడే. తుపానుకి గోదాం తడిసి గింజలకి ముక్కిన కంపు పట్టింది. తమరు చెంచా వెల్లకిలా పెడితే చాలు."

"పెట్టకపోతే?"

"మా అమ్మ మెంతుల కాపీ తమరికెంత నచ్చిందో నేనింకా ఎవరికీ చెప్పలేదమ్మా," అని యతడు చేతులు తుడుచుకొని సెలవు దీసికొనెను.

ఆతడు పోయిన పిమ్మట వాగ్దేవి యతడు బోర్లించిన గిన్నెను దీసి మఱల కడిగెను. తరువాత నామె ముఖమున చిత్రమైన తేట వచ్చెను. ఆమె కొక యుపాయము దోచెను. ఎడమ చివరి చెంచా బోర్లించును. కుళ్లిన సరుకు కుళ్లినదని చెప్పుట ధర్మము. అటుపై త్రినాథరావు తన గుట్టు బయటపెట్టినను సరుకు తిరస్కరించితినన్న కక్షచే నిట్లు చెప్పుచున్నాడని లోక మతనినే నిందించును. ధర్మమును దక్కును. గుట్టును దక్కును. ఇంత చక్కని యేర్పాటు తోచినందులకు దన్ను దానే మెచ్చుకొని భర్తతో జెప్పెను.

కూర్మారావు "ఒకవేళ ఆ గింజలు మంచివే అయితే?" అనెను.

"వాడే చెప్పేడు కదండీ చెడ్డవని," అని యామె విసుగుకొనెను. దొంగ మాటను దేవుని మాటవలె నమ్మెనని యామెకు దోచలేదు.

పరీక్షదినమున పొడవైన బల్లమీద తెల్లని గిన్నెలు బారులు దీరెను. ఆవిరులు లేచెను. వాగ్దేవి కుడినుండి సాగి ప్రతి గిన్నెయొద్దను సువర్చల కనుబొమలు చూచుచు చెంచాలు వెల్లకిల నుంచుచు బోర్లించుచు ఎడమ చివరకు వచ్చెను. అక్కడ మాత్రము తల యెత్తలేదు. ఎత్తిన నిశ్చయము చెదరునేమో యని శంక. వంగి వాసన చూచినట్లు నటించి పీల్చి యుమిసి చెంచా బోర్లించెను.

"మేడమ్, ఇది..." అని సువర్చల నోరు దెఱచి వాడుక జ్ఞప్తికి వచ్చి మూసికొనెను. వాగ్దేవి యా గొంతు వినెను. విననట్లు చేయి కడుగుకొన బోయెను.

మధ్యాహ్నము సంఘపు వసారాలో త్రినాథరావు చిఱునవ్వుతో నెదురయ్యెను. కోపముతో వచ్చునని యెదురుచూచుచున్న వాగ్దేవి యా నవ్వు జూచి నిలిచిపోయెను.

"నిజాయితీ అంటే తమరిదేనమ్మా. వెల్లకిలా పెట్టమంటే తమరు బోర్లిస్తారని నాకు తెలుసు," అని యతడు గొంతు తగ్గించెను. "ఆ గిన్నె నాది కాదమ్మా. కొండమీద కొర్రా బుడ్డన్నది. ఏళ్ల తరబడి అడుగుతున్నా నాకు అమ్మలేదు. ఇప్పుడు తఱుగు సరుకైపోయింది కదా. నేనే తీసుకుంటున్నాను. అలాంటి కాపీ ఈ ఏడు మన్యంలోనే లేదు. మర ఎలా ఆడుతోందమ్మా, బాగుందా?"

ఆమె ప్రత్యుత్తరమునకు నిలువకయే యతడు పోయెను. లొంగియుండిన నామె యతనికి దాసి యగును. ఎదిరించిన నతనికి లాభము. రెండు త్రోవలును ముందే మూసి మూడవ త్రోవ యొక్కటి యామెకు దోచదని యతడు నమ్మెను. ఆ త్రోవ యిన్నాళ్లును తెఱచియే యుండెను. దానివైపు నామె చూడనైన చూడలేదు.

వాగ్దేవి వసారా మెట్లు దిగెను. గేటునొద్ద సంచి భుజాన వైచుకొని యొక నడివయసు మనుష్యుడును అతని భార్యయును నిలిచియుండిరి. బంట్రోతు పొమ్మనుచుండ వారు పోకుండిరి. ఆమెను జూచి యా మనుష్యుడు సంచి దించి దానిలోనుండి గుప్పెడు గింజలు దీసి వచ్చి యరచేయి చాపి యామె ముఖము ముందుంచెను. వేళ్ల సందులలో కొండమట్టి యింకను నుండెను.

"నేను కొర్రా బుడ్డన్నని అమ్మా. సెంచా బోర్లించేరని సెప్పేరు. తగువుకి రాలేదమ్మా. పండిన కాయే ఏరేం. మంచెమీదే ఎండబెట్టేం. మా తప్పేటో తమరొక్కసారి వాసన సూసి సెప్తే వచ్చే ఏడు దిద్దుకుంటాం."

సువర్చలయు బంట్రోతును మఱి నలుగురు గుమాస్తాలును వసారాలోనికి వచ్చి చూచుచుండిరి. తడిసినవని యొక్క మాట చెప్పిన చాలును. అతడు నమ్మును. నమ్మి కొండ యెక్కి తనలో లేని తప్పును బ్రతుకెల్ల వెదకుకొనును. వాగ్దేవి యా యరచేతిపై వంగెను. కన్నులు మూసి తన జీవితమున నెన్నడును లేనంత యాశతో శ్వాస పీల్చెను. ఏమియు రాలేదు. ఆమె కన్నీరు గింజలమీద బడెను.

"తప్పు మీది కాదు బుడ్డన్నా. నాకు వాసన తెలీదు. మాఘమాసం నుంచీ తెలీదు. తెలీకుండానే మీ చెంచా బోర్లించేను," అని యామె యందఱు వినునట్లే చెప్పెను.

బుడ్డన్న కా మాట పూర్తిగా బోధపడుటకు గొంత సేపు పట్టెను. అతని భార్య ముందుగా గ్రహించి కొంగు నోటి కడ్డముంచుకొనెను.

"అయితే మా కాపీ మంచిదేనా అమ్మా?" అని యతడడిగెను.

మంచిదని చెప్పవలెనని యామెకు మనసంతయు నుండెను. త్రినాథరావు చెప్పిన మాట నాలుక చివర నుండెను. దొంగ చెప్పినదానిని తన తీర్పుగా మఱియొకమా రప్పగించుటకు నోరు రాలేదు.

"నాకు తెలియదు," అని యామె యనెను. ఇన్నేండ్ల యుద్యోగమున నా మాట యామె యనుట యదే ప్రథమము. "ఈ అమ్మాయికి తెలుసు. పొద్దున్న చెప్పబోతే నేనే వినలేదు. ఆమెనడగండి."

సువర్చల మెట్లు దిగి వచ్చెను. బుడ్డన్న యొక్క క్షణము తటపటాయించెను. పిమ్మట నా గింజలతో నిండిన యరచేయి వాగ్దేవి ముఖము ముందునుండి మెల్లగా ప్రక్కకు జరిగెను.